కలెక్టరు గారూ, ముందు చెరువుల దగ్గరికి వెళ్ళండి

గౌరవనీయులైన అనంతపురం జిల్లా కలెక్టరు గారికి,



పేరు చూసి రాస్తున్న ఉత్తరం కాదిది. మా జిల్లాకు కలెక్టర్లు వస్తుంటారు, బదిలీ మీద వెళ్తుంటారు. ఈరోజు ఆ కుర్చీలో ఉన్నవారికీ, రేపు కూర్చోబోయేవారికీ కలిపి రాస్తున్నాను. చేరిన మొదటి వారంలోనే మీ బల్ల మీదికి జిల్లా గురించి ఒక నోట్ వస్తుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని అందులో ఉంటుంది. ఆ మాట విని విని మా పిల్లలు కూడా తమ ఊరిని అలాగే పరిచయం చేస్తున్నారు. ఆ నోట్‌తో మొదలైన ఆలోచన ఎంతసేపూ కరువు మండలాల జాబితా, పెట్టుబడి రాయితీ, పంటల బీమా, నీళ్ళ ట్యాంకర్ల చుట్టూనే తిరుగుతుంది. అవి అవసరమే, వద్దనను. కానీ ఈ జిల్లాను మీరు కరువు లెక్కల్లోంచి కాకుండా నేల మీదినుంచి చూడాలని నా కోరిక.

మా పాత ఉమ్మడి జిల్లా సగటు వాన ఏడాదికి 552 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు తెచ్చే నీళ్ళలో చాలామటుకు పడమటి కనుమలే దించుకుంటాయి. కొండల వెనకనున్న మాకు వచ్చేది ఎక్కువగా గాలి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి చేరేసరికి బలం తగ్గిపోతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 340 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ, ఆ తర్వాత డిసెంబరు దాకా 150 పైచిలుకు. మొదటిదాన్ని మా రైతులు ముంగారి అంటారు, రెండోదాన్ని హింగారి అంటారు. ఈ 552 మిల్లీమీటర్లను ఇంకోలా లెక్కవేస్తే, సగటు ఏడాదిలో ప్రతి ఎకరా మీదా దాదాపు 22 లక్షల లీటర్ల నీళ్ళు పడుతున్నాయి. అది కొద్ది నీరేమీ కాదు. అయితే ఏడాదికి పడాల్సిన వానలో పెద్ద వాటా నాలుగైదు గట్టి వానల్లోనే పడిపోతుంది. మధ్యలో, ముఖ్యంగా ఆగస్టులో, నెలా నెలన్నర చుక్క రాలదు. వేరుశనగ చేను పూతకొచ్చి ఊడ దిగే వేళకే ఆకాశం ముఖం చాటేస్తుంది. పైగా జిల్లాలో చాలాభాగం గరుసు కలిసిన ఎర్రనేల. లోతు తక్కువ, పదును పట్టుమని పదిరోజులు నిలవదు. తాడిపత్రి, యాడికి, గుంతకల్లు, ఉరవకొండ వైపు నల్లరేగడి ఉంది కాబట్టి అక్కడ హింగారిలో పప్పుశనగ వేసుకుని గట్టెక్కుతారు. కళ్యాణదుర్గం వైపు, కదిరి వైపు ఆ భాగ్యం లేదు.

అంటే మా కష్టమంతా పడిన నీళ్ళను పడినచోట నిలబెట్టుకోవడంలో ఉంది. ఈ సంగతి మనకంటే ఆరున్నర శతాబ్దాల ముందువాళ్ళకు బాగా తెలుసు. మీరు ఉద్యోగం చేసే అనంతపురం పట్టణమే ఒక చెరువు వల్ల పుట్టింది. 1364లో విజయనగర రాజు బుక్కరాయల దివాను చిక్క ఒడయరు పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేయించాడు. ఆ కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, ఇంకో కొసన అనంతసాగరం వెలిశాయి. రాణి అనంతమ్మ పేరు మీద వెలిసిన ఆ ఊరే తర్వాత అనంతపురం అయింది. తెగబోతున్న ఆ కట్టను నిలపడానికి ముసలమ్మ అనే కోడలు ప్రాణమిచ్చిందని మా వైపు కథ. కట్టమంచి రామలింగారెడ్డి గారు దాన్ని ‘ముసలమ్మ మరణం’ అనే కావ్యంగా రాశారు. ఒక ఊరి గృహిణిని కథానాయికగా నిలిపిన ఆ చిన్న కావ్యం ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి మెట్లలో ఒకటి. చెరువుకట్ట కోసం ప్రాణమిచ్చిన మనిషిని దేవతగా కొలిచే ఊళ్ళలో చెరువుకు ఎంత విలువ ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు.

మా చెరువులు ఒక్కొక్కటి విడిగా కట్టినవి కావు, గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్ళు వంకలో పడి కింది చెరువుకు చేరేవి. చిత్రావతి నీళ్ళు బుక్కపట్నం చెరువుకూ, అక్కడినుంచి ధర్మవరం చెరువుకూ దిగడం ఈనాటికీ మీరు కళ్ళతో చూడవచ్చు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు పారించాలో చూడడానికి ఊరికొక నీరుగంటి ఉండేవాడు. ఎండాకాలంలో చెరువు అడుగున పేరుకున్న ఒండ్రుమట్టిని ఊరివాళ్ళే బండ్లకెత్తి చేలకు తోలుకునేవాళ్ళు. చెరువు లోతు పెరిగేది, చేనుకు సత్తువ వచ్చేది. పట్టా భూములు, ప్రభుత్వ చెరువులు అని రెండుగా విడిపోయాక ఊరికీ చెరువుకూ ఉన్న ఆ బంధం తెగుతూ వచ్చింది. నీరుగంట్లు పోయారు. బోర్లు వచ్చాక చెరువు వైపు చూసేవాళ్ళే తగ్గిపోయారు.

దాని ఫలితం మీ కార్యాలయానికి కూతవేటు దూరంలోనే కనబడింది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం పట్టణంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. కరువుసీమ అని పేరుపడ్డ జిల్లా కేంద్రంలో పడవలు తిరిగాయి. అంతకు ముందటి ఏడాది నవంబరులో పెన్నా, చిత్రావతి రెండూ ఒడ్లు దాటాయి. ఏదో వింత వాతావరణమని అప్పుడు అందరూ అన్నారు. వాన గట్టిగానే పడింది, నిజమే. కానీ వంకల్లో ఇళ్ళకు పట్టాలిచ్చి, చెరువు శిఖం భూములను చదును చేసి, సరఫరా కాలువలను పూడ్చి రోడ్లు వేస్తే ఆ నీళ్ళు ఎక్కడికి పోవాలి? నీళ్ళ దారిని మూసింది మనం. ఆ దారులు తెరిచి ఉంటే అదే వాన కింది చెరువులను నింపేది, రెండేళ్ళపాటు బావులకు ఊట వచ్చేది. కరువూ వరదా మాకు వేర్వేరు విపత్తులు కావు. రెండింటికీ కారణం ఆ తెగిన గొలుసే.

ఇక చెనిక్కాయ. మీ కాగితాల్లో వేరుశనగ అని ఉంటుంది. అనంతపురం గురించి మాట్లాడి చెనిక్కాయ గురించి మాట్లాడకపోతే ఏమీ మాట్లాడనట్టే.

మా తాతల కాలంలో ఎర్రనేల చేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక ఉండేవి. వాటి మధ్య సాళ్ళు పెట్టి కంది, అనుము, అలసంద, ఆముదం వేసేవాళ్ళు. ఒక వాన తప్పితే కొర్ర పోయేది, కంది నిలబడేది. రెండు వానలు తప్పితే ఆముదమైనా చేతికొచ్చేది, పశువులకు చొప్పయినా దక్కేది. ఆ చేలను చూసి బీదసాగు అనుకున్నారు. చెనిక్కాయ వచ్చి చేతికి రూపాయి చూపించింది. నూనెమిల్లులు వెలిశాయి, వర్తకులు ఊళ్ళోకే వచ్చి కొన్నారు, కట్టె పశువులకు మంచి మేత. 1980ల్లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఇంటి తిండికోసం కొర్రా జొన్నా పండించుకోవాల్సిన పని తగ్గింది. నూనెగింజల మీద ప్రభుత్వం పెట్టిన శ్రద్ధ, బ్యాంకుల పంట రుణం, రాయితీ విత్తనం, బీమా అన్నీ చెనిక్కాయకే చుట్టుకున్నాయి. పాత జిల్లాలో ఒక దశలో ఇరవై లక్షల ఎకరాల దాకా అదే పంట. ఇంత పెద్ద నేల మీద, ఇంత తక్కువ వానతో, ఒకే పంట! రైతు తెలివితక్కువవాడై వేయలేదు. అప్పు దానికే పుట్టింది, విత్తనం దానికే దొరికింది, నష్టపోతే పరిహారమూ దానికే వచ్చింది. చెనిక్కాయ తప్ప ఇంకో దారి లేకుండా చేసింది కార్యాలయాలే.

2000 సంవత్సరం ముంగారి మా జిల్లాకు మరిచిపోరాని పాఠం. ఆగస్టులో చేలు మొవ్వు మాడిపోయి ఎండిపోసాగాయి. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కాండం కుళ్ళు తెగులనీ, తామరపురుగుల వల్ల వ్యాపించే వైరస్ అనీ, గట్ల మీది వయ్యారిభామ మొక్కల పుప్పొడిలో అది దాగుంటుందనీ శాస్త్రవేత్తలు తేల్చారు. అప్పటికే రెండు లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతింది, నష్టం మూడు వందల కోట్ల రూపాయలు దాటింది. చేలమధ్య జొన్న, సజ్జ సాళ్ళు అడ్డుగా వేసుకుంటే ఆ పురుగు ఉధృతి తగ్గుతుందని తర్వాత వాళ్ళే సలహా ఇచ్చారు. మా తాతలు ఎవరూ చెప్పకుండానే వేసిన సాళ్ళవి. సింగమనేని నారాయణ గారు ఈ సాగు మీద రాసిన కథకు ‘జూదం’ అని పేరు పెట్టారు. చేను అమ్ముకున్నవాళ్ళు, బెంగుళూరులో ఇటుకలు మోసేవాళ్ళు, అప్పు తీర్చలేక ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్ళలో మిగిలిన ఆడవాళ్ళు ఆ పేరు ఎంత నిజమో చెబుతారు.

ఈ మధ్య చెనిక్కాయ విస్తీర్ణం బాగా తగ్గింది. అది తగ్గినచోట ఏమొచ్చిందన్నది చూడాలి. కొన్నిచోట్ల కంది, ఆముదం వచ్చాయి, సంతోషం. చాలాచోట్ల చీనీ, అరటి, దానిమ్మ, మామిడి తోటలు వచ్చాయి. అనంతపురం చీనీకాయలు ఢిల్లీ మార్కెట్ దాకా పోతున్నాయి. ఆ రైతుల పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. కానీ తోటకు నీళ్ళు బోరునుంచి వస్తాయి. బోరు ఆరువందల అడుగులూ దాటి వెయ్యికి పోతున్న పల్లెలున్నాయి. ఎండిన బోరు పక్కనే ఇంకొకటి, దాని పక్కన మరొకటి వేయించి, పదేళ్ళు పెంచిన చీనీచెట్లను చివరికి కట్టెలకు నరికిన తోటలు మా వైపు ఎన్నో. పైన చెరువు నిలవనప్పుడు కింద బోరుకు ఊట ఎక్కడినుంచి వస్తుంది?

కాలువల సంగతికి వస్తాను. తుంగభద్ర ఎగువ కాలువ మాకు దశాబ్దాలుగా ఆధారం. పూడిక వల్ల తుంగభద్ర డ్యాం నిల్వ 132 టీఎంసీల నుంచి 105 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయి నీళ్ళు కిందికి పోతుంటే ఇక్కడి ఆయకట్టు రైతులు నిద్రపోలేదు. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం మా తరం కన్న పెద్ద కల. శ్రీశైలం వెనుక నీళ్ళను మల్యాల దగ్గర ఎత్తి, మెట్టుమెట్టుగా పంపింగ్ చేసి 2012లో జీడిపల్లి జలాశయం దాకా తెచ్చారు. కృష్ణా నీళ్ళు పెన్నా లోయలోకి దిగిన రోజు జనం వాటికి పసుపు కుంకుమలతో పూజలు చేశారు. ఆ నీళ్ళు ఇంకా ముందుకెళ్ళాయి, కాలువ వెడల్పు కూడా చేశారు. ఇంకా కావలసిన పిల్లకాలువల మాట అలాగే ఉంది. పెద్ద కాలువ పక్కనే ఉన్న చేను ఎండిపోవడం ఎంత బాధాకరమో మీరు ఒక్కసారి ఆ గట్టు మీద నడిచి చూడండి. అంత ఖర్చుపెట్టి, అంత కరెంటు పోసి ఎత్తిన నీళ్ళను ముందుగా చెరువులకు మళ్ళిస్తే ఒక్కో చెరువు కింద పదుల బావులు బతుకుతాయి. కొన్ని చెరువులకు మళ్ళించారు కూడా, ఆ ఊళ్ళలో తేడా కనిపిస్తోంది.

ఈ ఉమ్మడి జిల్లా స్వభావం గురించి నాలుగు మాటలు. 1882లో బళ్ళారి నుంచి విడదీసి అనంతపురాన్ని జిల్లా చేశారు. అప్పటికి ధాత కరువనే మహాకరువు గడిచి నాలుగేళ్ళే. అందుకే ఇక్కడి జనానికి ఓర్పు ఎక్కువ, పొగరూ ఎక్కువే. మడకశిర, రొళ్ళ, అగళి వైపు ఇళ్ళలో కన్నడం, బడిలో తెలుగు, సంతలో రెండూ. 1565 తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న పెనుకొండ, అచ్యుతరాయల కాలంలో విరుపణ్ణ సోదరులు కట్టించిన లేపాక్షి, తాడిపత్రి గుళ్ళలోని రాతి చెక్కడం, గుత్తి కోట మీరు ఎలాగూ చూస్తారు. వాటితోపాటు ధర్మవరం మగ్గాల గుంతల్లో కూర్చున్న నేతగాళ్ళనూ, నిమ్మలకుంటలో మేకతోలు మీద రంగులద్దే బొమ్మలాట కుటుంబాలనూ చూడండి. కొండల్లో గొర్రెలు తోలుకుపోతూ గొంగళి భుజాన వేసుకున్న కురుబలతో కాసేపు మాట్లాడండి. ఏ మేఘం కురుస్తుందో, ఏ వంక ఎటు పారుతుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ మ్యాపూ చెప్పలేదు. సంగటి, ఊరుబిండి తిని చూడండి. విద్వాన్ విశ్వం గారి ‘పెన్నేటి పాట’, బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ చదవండి. మీ శిక్షణలో ఇవ్వని జ్ఞానం వాటిలో ఉంది.

చేయాలనుకుంటే ఇక్కడ పనులవుతాయన్నదానికి రుజువులు ఈ ఉమ్మడి జిల్లాలోనే ఉన్నాయి. 1969లో వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ), దళితుల ఊళ్ళలో బడులూ ఇళ్ళూ కట్టి ఒక తరాన్ని నిలబెట్టింది. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు 1990ల్లో ఏడు వందలకు పైగా పల్లెలకు తాగునీరు తెచ్చింది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్ళు గ్రామస్థులతో కలిసి బోడికొండల మీద వేల ఎకరాల అడవిని తిరిగి మొలిపించారు. ‘ధరణి’ సహకార సంఘం ద్వారా కొర్రలకూ సామలకూ మళ్ళీ ధర తెచ్చారు. ముంగారికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచే పద్ధతిని ఈ జిల్లా రైతులే వేల ఎకరాల్లో చేసి చూపించారు. 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తానికి ఉపాధి హామీ పథకం మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలో. పథకాల పేర్లు మారవచ్చు, నిబంధనలు మారవచ్చు. పలుగూ పారా పట్టగలిగిన చేతులూ, పూడిక తీయాల్సిన చెరువులూ మాత్రం మారలేదు.

2022 ఏప్రిల్‌లో పాత జిల్లా రెండయింది. 63 మండలాల్లో 32 శ్రీసత్యసాయి జిల్లాకు పోయాయి. పరిపాలనకు అది సులువు కావచ్చు. నీళ్ళకు జిల్లా సరిహద్దు తెలియదు. నంది కొండల్లో పుట్టిన పెన్నా హిందూపురం వైపు ప్రవేశించి మీ జిల్లాలోకి వస్తుంది, చిత్రావతి కూడా అంతే. పై మండలం పుట్టపర్తి కలెక్టరుది, కింది మండలం అనంతపురం కలెక్టరుది. రెండు కార్యాలయాల మధ్య ఒక్క చెరువు గొలుసు కూడా తెగిపోకూడదు.

నేను కోరేవి పెద్ద ప్రాజెక్టులు కావు. పాత రెవెన్యూ మ్యాపులు మీ రికార్డు గదిలో ఉన్నాయి. వాటిలో ప్రతి చెరువుకూ నీళ్ళు తెచ్చే వంకలు, కాలువలు గీసి ఉన్నాయి. తహసీల్దార్ల చేత వాటిని మళ్ళీ కొలిపించి, ఆక్రమణలు తొలగించి, రాళ్ళు పాతించండి. వంకలో ఇకమీదట ఒక్క ఇంటి పట్టా కూడా ఇవ్వవద్దు. ఇప్పటికే పేదవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నచోట ముందు వాళ్ళకు వేరే స్థలం చూపించి తర్వాతే కదిలించండి. పూడిక మట్టిని రైతు చేనుకు ఉచితంగా తోలుకోనివ్వండి. చెనిక్కాయ విత్తనానికి ఇచ్చే రాయితీనే కంది, కొర్ర, సజ్జ, అలసంద విత్తనాలకూ ఇచ్చి, జూన్ మొదటి వానకు ముందే రైతుభరోసా కేంద్రాల్లోనో, ఆ రోజుకు వాటికి ఏ పేరుంటే అక్కడో, సిద్ధంగా ఉంచండి. మిశ్రమ పంట వేసిన చేనుకు బీమా ఒక్క పంట చూసి లెక్కకట్టే పద్ధతి మార్చమని పైకి రాయండి. కౌలురైతు పేరు పంట నమోదులో ఎక్కేలా చూడండి. చేను దున్నేది వాడు, పరిహారం అందేది పట్టాదారుకు అయితే ఏ పథకం వాడిదాకా చేరదు.

చివరగా ఒక పాత కలెక్టరు సంగతి. 1800లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాక ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్ళు ఇక్కడ గుడారాల్లో తిరిగారు. వచ్చింది శిస్తు వసూలు చేసే కంపెనీ కోసమే. అయినా 1807లో వెళ్ళేముందు శిస్తు నాలుగో వంతు తగ్గించాలని పైవాళ్ళకు రాశారు. తర్వాత గవర్నరై, 1827లో ఈ సీమలో పర్యటిస్తూనే పత్తికొండలో కలరాతో చనిపోయారు. ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్న ఇళ్ళు ఈ సీమలో ఉండేవి. పరాయి పాలకుడికే అంత గుర్తింపు ఇచ్చిన జనం, తమ వాడైన కలెక్టరు చేసే మేలును మరిచిపోతారా?

ఇప్పుడు ముంగారి దగ్గర పడుతోంది. వానలు పడకముందే ఒకరోజు ఫైళ్ళు పక్కనపెట్టి, ఇరిగేషన్ ఇంజనీరునూ, వ్యవసాయ అధికారినీ, ఊరి పెద్దమనుషులనూ వెంటబెట్టుకుని బుక్కరాయసముద్రం కట్ట మీదినుంచి పండమేరు వెంట పైదాకా నడవండి. ఎక్కడ కాలువ మూసుకుపోయిందో అక్కడే ఆర్డరు రాయండి. తర్వాతి చెరువుకు తర్వాతి వారం వెళ్ళండి. మీ బదిలీ వచ్చేలోగా ఇరవై చెరువుల సరఫరా కాలువలు తెరిపించగలిగితే చాలు, మిగతావి మీ తర్వాత వచ్చేవారిని మేమే అడుగుతాం.

ఇట్లు,
అనంతపురం జిల్లా రైతుబిడ్డ, విశ్రాంత ఉపాధ్యాయుడు